నిద్రకు చలి అడిగే చెట్టు

(గ్రంథాలయ వారోత్సవాల్లో ఒక సాయంత్రం కావలిలో చేసిన ప్రసంగం. వక్త డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన అధ్యాపకులు. రికార్డింగు విని రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. బయట మబ్బు చూస్తుంటే ఎక్కువసేపు మాట్లాడితే మీతో తిట్లు తినక తప్పేట్టు లేదు. గొడుగు తెచ్చుకోనివాళ్లు వాన మొదలవగానే లేచి వెళ్లిపోండి, నేనేమీ అనుకోను. క్లాసులో ముప్పై ఏళ్లు అలవాటైన సంగతే అది. (నవ్వులు)

"మొక్కల మీద ఏదన్నా చెప్పండి సార్" అని లైబ్రరీ నుంచి ఫోన్ చేశారు. కార్తీకమాసం కదా, ఉసిరి గురించి చెప్పమంటారేమో అనుకున్నాను. ఉసిరి, వేప, తులసి, వీటి సంగతి ఇక్కడ కూర్చున్న అమ్మలక్కలకి నాకంటే బాగా తెలుసు. అందుకని మన రెండు జిల్లాలూ గాలించినా ఒక్కటి కూడా దొరకని చెట్టుని పట్టుకొచ్చాను. మన దగ్గర ఎందుకు బతకదో చెప్పడానికే వచ్చాను అనుకోండి.

ఈ ప్లేటులో ఉన్నవి చూడండి. మా చిన్నప్పుడు అక్రోటు అనేవాళ్లం, ఇప్పుడు పిల్లలు వాల్‌నట్ అంటే గాని గుర్తుపట్టరు. సంస్కృతంలో అక్షోటం. ఇవి కశ్మీరు కాయలు, నిన్న బజార్లో కొన్నాను. మన దేశంలో పండే అక్రోటులో పదికి తొమ్మిది వంతులు పైగా జమ్మూ కశ్మీరులోనే పండుతుంది. మనం శివరాత్రికి భైరవకోన వెళ్లి కొబ్బరికాయ కొడతాం. కశ్మీరీ పండితుల ఇళ్లలో శివరాత్రికి ఈ కాయల్ని కుండలో నీళ్లు పోసి నానబెట్టి, పూజయ్యాక ప్రసాదంగా పంచుతారు. ఎవరి ఊళ్లో ఏది పండితే దేవుడికి అదే.

అయితే నేను మాట్లాడబోయేది ఈ కాయ గురించి కాదు, దీని అక్క గురించి.

మా అమ్మాయి కెనడాలో, ఒట్టావాలో ఉంటుంది. రిటైరయ్యాక నేనూ మా ఆవిడా ఆగస్టులో వెళ్లి జనవరి చివరిదాకా ఉండి వచ్చాం. వెళ్లిన మర్నాడు పొద్దున నాకు నిద్ర పట్టక వెనక దొడ్లోకి పోయాను. కంచె పక్కన ఒక చెట్టు. మన వేపాకు ఎలా ఉంటుంది? ఒక ఈనె, దానికి రెండు వైపులా చిన్నాకులు. ఇదీ అదే తీరు, కాకపోతే ఒక్కో ఆకు మూరెడు పైనే ఉంది. చిన్నాకులు లెక్కపెట్టాను, పదిహేను. ఈ జాతికి పదకొండు నుంచి పదిహేడు దాకా ఉంటాయి. పట్టుకుంటే వేళ్లకి జిగురు అంటింది. కొమ్మలకి ఆకుపచ్చటి కాయలు, మూడేసి నాలుగేసి గుత్తులుగా. కోలగా, కొసన మొనదేలి, మన గూడూరు నిమ్మకాయని రెండు కొసలూ పట్టుకుని సాగదీసినట్టుగా.

ఒక ఎండు పుల్ల విరిచి, బ్లేడుతో నిలువుగా చీల్చి చూశాను. లోపల గుజ్జు నిండుగా లేదు. అడ్డంగా పొరలు పొరలుగా, చిన్న నిచ్చెన మెట్లు పేర్చినట్టుంది. ఆ నిచ్చెన కనపడితే అది అక్రోటు కుటుంబం అన్నట్టే. నిచ్చెన ముదురు గోధుమ రంగులో ఉంటే ఈ చెట్టు, లేత రంగులో ఉంటే దీని చెల్లెలు నల్ల అక్రోటు. ఈ సంగతి ముప్పై ఏళ్లు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పాను. కళ్లతో చూడటం అదే మొదటిసారి. పొద్దున ఆరింటికి ఒక్కణ్ణే నిలబడి ఆ పుల్ల చూస్తూ నవ్వుకుంటుంటే పక్కింటాయన కంచె మీదుగా కాస్త అనుమానంగా చూశాడు.

దాన్ని అక్కడ బటర్‌నట్ అంటారు. తెల్ల అక్రోటు అన్న పేరు కూడా ఉంది. ఇంగ్లీషు పేరు వినగానే సూపర్‌మార్కెట్‌కి వెళ్లేవాళ్లకి గుమ్మడికాయ గుర్తొస్తుంది. ఆ గుమ్మడి వేరు, దీనికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. నేను వెన్నకాయ అని పేరు పెట్టుకున్నాను, మా ఇంట్లో చెల్లుబాటవుతోంది. శాస్త్రనామం జగ్లాన్స్ సినేరియా. జగ్లాన్స్ అంటే లాటిన్‌లో జూపిటర్ దేవుడి కాయ, సినేరియా అంటే బూడిద రంగుది. బెరడు నిజంగానే విభూతి రాసినట్టు ఉంటుంది.

జగ్లాన్స్ కుటుంబంలో ఇరవై చిల్లర జాతులున్నాయి. కశ్మీరు అక్రోటు, అమెరికా నల్ల అక్రోటు, జపాన్‌లో గుండె ఆకారంలో కాసేది ఒకటి, మంచూరియాలో ఇంకొకటి. చలికి ఓర్చుకోవడంలో ఈ వెన్నకాయ, ఆ మంచూరియాది గట్టి పిండాలు. మైనస్ ముప్పై ఐదు, మైనస్ నలభై డిగ్రీల్లో కూడా నిలబడతాయి. మైనస్ ఇరవై ఐదు ఎలా ఉంటుందో జనవరిలో నేను చూశాను. ముక్కులోపలి తడి గడ్డకట్టి చురుక్కుమంటుంది. కనురెప్పల మీద మంచు పడుతుంది. మా ఆవిడ గుమ్మం దాటనని భీష్మించుకుని కూర్చుంది. ఆ చెట్టు మాత్రం ఒంటి మీద ఆకు లేకుండా అక్కడే నిలబడి ఉంది.

ఎలా ఓర్చుకుంటుంది? పగటి పొద్దు తగ్గటం చూసుకుని సెప్టెంబరు నుంచే సర్దుకోవడం మొదలుపెడుతుంది. ఆకుల్లో ఉన్న సత్తువని కొమ్మల్లోకి, వేళ్లలోకి లాక్కుని ఆకు రాల్చేస్తుంది. కణాల్లోపలి నీళ్లు గడ్డకడితే కణం పగిలిపోతుంది కదా, అందుకని నీళ్లు తగ్గించి చక్కెర పెంచుకుంటుంది. చక్కెర పాకం నీళ్లంత తొందరగా గడ్డకట్టదు, వంట చేసేవాళ్లకి తెలుసు. మొగ్గల్ని పొలుసులతో మూసేసి పడుకుంటుంది. ఇక్కడిదాకా ఎవరైనా ఊహించగలరు.

అసలు విచిత్రం తర్వాత ఉంది. పడుకున్న చెట్టు చలిని లెక్కపెడుతుంది. నిజంగానే లెక్క. గడ్డకట్టే చలికి కాస్త పైన, ఏడు డిగ్రీల లోపు చలి ఎన్ని గంటలు తగిలిందన్నది దానికి కావాలి. రకాన్ని బట్టి కొన్ని వందల గంటలు, కొన్నిటికి వెయ్యి పైన. ఆ గంటలు నిండేదాకా ఎంత ఎండ కాసినా మొగ్గ విప్పదు. ఎందుకంటే జనవరిలో ఒక్కోసారి నాలుగు రోజులు వెచ్చగా ఉంటుంది. అది చూసి చిగురేసిందనుకోండి, ఐదో రోజు వచ్చే మంచుకి చిగురంతా మాడిపోతుంది. అలా మోసపోయిన చెట్లు పోగా, లెక్కపెట్టడం తెలిసినవి మిగిలాయి. చలి సరిపడా తిన్నాక, అప్పుడు వెచ్చదనం తగిలితేనే లేస్తుంది.

ఇప్పుడు మన సంగతి చూడండి. డిసెంబరు తెల్లవారుజామున కావలిలో మఫ్లర్ చుట్టుకుని టీకొట్టు దగ్గర నిలబడతాం. ఎంత ఉంటుంది అప్పుడు? ఇరవై డిగ్రీల దగ్గర. ఏడు డిగ్రీల గంటలు మన ఊళ్లో సున్నా. ఆ చెట్టుకి మన చలికాలం లెక్కలోకే రాదు.

ఇది మీకు కొత్త సంగతేమీ కాదు. పొదలకూరు నుంచి నిమ్మ రైతులు వచ్చారని చెప్పారు. తోటకి కొన్నాళ్లు నీళ్లు ఆపేసి బెట్ట పెడతారా లేదా? ఆకు వాడి, కొంచెం రాలి, చెట్టు దిగాలుగా అయ్యాక నీళ్లు వదిలితే ఒక్కసారిగా పూత. కష్టం తెలియని చెట్టు పచ్చగా ఆకులేసుకుంటూ కూర్చుంటుంది తప్ప పూయదు. ఉలవపాడు మామిడి రైతుని అడగండి, చలి పడని ఏడు పూత ఎలా ఎగరకొడుతుందో. మనం నిమ్మకి దాహంతో చేసే పనిని అక్కడ ఈ చెట్టుకి చలి చేస్తుంది.

ఇది తెలిసి కూడా నేనొక పిచ్చిపని చేశాను, అది చెప్పాలి. కెనడా నుంచి వచ్చాక ఆ చెట్టు మీద మోజు పోలేదు. ఆ కాయలు తేలేదు, ఎందుకు తేలేదో చివర్లో చెప్తాను. బజార్లో కశ్మీరు అక్రోట్లు పెంకుతో ఉన్నవి పన్నెండు కొని, తడి ఇసకలో పెట్టి, ఫ్రిజ్‌లో కూరగాయల అరలో మూడు నెలలు ఉంచాను. ఈ విత్తనాలకి కూడా తడి చలి తగిలితే గాని బుద్ధి పుట్టదు. కొత్తిమీర పక్కన ఇసక డబ్బా ఏందని మా ఆవిడ రోజూ అడిగేది. మూడు మొలిచాయి. రెండు తొందరగానే పోయాయి. ఒకటి జానెడు ఎదిగింది. రోహిణి కార్తెలో ఆకు అంచులు కాగితం కాలినట్టు కాలాయి, అయినా నెట్టుకొచ్చింది. డిసెంబరు వచ్చింది. సగం ఆకులు రాల్చింది, సగం అట్టే ఉంచుకుంది. పడుకోవాలా వద్దా అని తేల్చుకోలేక అవస్థ. మార్చిలో కొసన ఒక్క మొగ్గ విచ్చింది, మిగతావన్నీ మూసుకునే ఉండిపోయాయి. రాత్రంతా నిద్రలేక పొద్దున బస్సులో తూలే మనిషి ఉంటాడే, అలా ఉండేది. ఆ మే నెల దాటలేదు. పిల్లాడికి టెంపరేచర్ చూసినట్టు రోజూ చూసేవాణ్ణి, అది పోయిన రోజు కాస్త బాధే అనిపించింది.

మా బావమరిది ఇంకో దారి తొక్కాడు. ఆటోలో మొక్కలమ్మే అతను "వాల్‌నట్ మొక్క సార్, మూడేళ్లలో కాపు" అంటే ఆరువందలు పెట్టి కొన్నాడు. నాకు వీడియో కాల్‌లో చూపించాడు. ఆకు విడి ఆకు, వెడల్పుగా ఉంది. అక్రోటుకి విడి ఆకు ఉండదు, ఈనెకి రెండు పక్కలా చిన్నాకులుండాలి. మూడేళ్లకి కాపు అన్న మాట కూడా చూడండి. వెన్నకాయ గింజనుంచి పెరిగితే కాపుకి రావడానికి ఇరవై ఏళ్లు పడుతుంది. వచ్చాక కూడా రెండు మూడేళ్లకి ఒకసారే ముమ్మరంగా కాస్తుంది. మీలో ఎవరైనా మెట్ట పొలంలో వేద్దామనుకుంటుంటే ఆ డబ్బు పెట్టి ఇంకో నాలుగు జీడిమామిడి వేసుకోండి.

సరే, కాయ దగ్గరికి వద్దాం. సెప్టెంబరు చివర్లో రాలడం మొదలైంది. రాత్రిళ్లు రేకుల షెడ్డు మీద ధబ్ ధబ్ మని. పొద్దున మనవరాలూ నేనూ బకెట్ తీసుకుని ఉడతలకంటే ముందు పోవాలి. ఆలస్యమైతే మనకి మిగిలేవి పురుగు కాయలే. పైతొక్క వెల్వెట్‌లాగా నూగుతో, జిడ్డుగా ఉంటుంది. గ్లవ్స్ వేసుకోమని మా అమ్మాయి చెప్పింది. వృక్షశాస్త్రం మాస్టారికి గ్లవ్స్ ఏందని వట్టి చేతులతో ఒలిచాను.

మీరు అరటిపువ్వు ఒలిచేముందు చేతులకి నూనె రాసుకుంటారు కదా. ఎందుకో తెలిసిన నేనే రాసుకోలేదు. మొదట పసుపు పచ్చగా అయింది. గంటకి గోధుమ రంగు. సాయంత్రానికి వేళ్లు, గోళ్లు, అరచెయ్యి అంతా కాఫీ డికాషన్‌లో ముంచినట్టయింది. సబ్బు, నిమ్మకాయ, వెనిగర్, దేనికీ లొంగలేదు. ఆ ఆదివారం గుడికెళ్తే అక్కడి తెలుగువాళ్లు "అంకుల్, గోరింటాకు పెట్టుకున్నారా" అని. (నవ్వులు) చర్మం మారాలి తప్ప ఆ రంగు పోదు. మూడు వారాలు పట్టింది.

ఆ రంగు వెనక జగ్లోన్ అనే పదార్థం ఉంది. కాయలో, ఆకులో, వేరులో రంగులేని రూపంలో పడుంటుంది. గాలి తగిలితే మారి విషమవుతుంది, మనకి కాదు, పక్క మొక్కలకి. ఈ చెట్ల దగ్గర టమాటా వేస్తే వాడి చచ్చిపోతుంది. బంగాళదుంపకీ, ఆపిల్‌కీ పడదు. జామాయిల్ తోట పక్కన పొలం ఉన్నవాళ్లు గట్టు పొడుగునా పైరు ఎలా పీలగా ఉంటుందో చూసే ఉంటారు. జామాయిల్ పద్ధతి వేరు, ఎక్కువగా నీళ్లు లాగేసుకుంటుంది. ఇది మందు కొట్టినట్టు కొడుతుంది. నల్ల అక్రోటులో ఆ మందు ఎక్కువ, వెన్నకాయలో కాస్త తక్కువ.

ఈ రంగు చరిత్రలోకి కూడా ఎక్కింది. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకున్నాయి. దక్షిణాది సైన్యానికి మిల్లు రంగులు దొరక్క, ఇళ్లలో నేసిన బట్టని ఈ కాయ తొక్కలు ఉడికించిన నీళ్లలో ముంచి యూనిఫాం కుట్టుకునేవాళ్లు. పసుపూ గోధుమా కలిసిన రంగు. ఆ సైనికులకి బటర్‌నట్లు అనే పేరే పడిపోయింది.

తొక్క తీశాక లోపల పెంకు. ఈ కశ్మీరు కాయ చూడండి, రెండు కాయలు గుప్పిట్లో పెట్టి నొక్కితే ఒకటి పగులుతుంది. (పగలగొట్టిన చప్పుడు) వెన్నకాయ అలా కాదు. పెంకు మీద నిలువునా కత్తి అంచుల్లాంటి గాళ్లు. గుప్పిట్లో పట్టుకుంటేనే గుచ్చుకుంటుంది. మొదటి కాయని గ్యారేజీ గచ్చు మీద అడ్డంగా పెట్టి సుత్తితో కొట్టాను. కాయకి ఏమీ కాలేదు, ఎగిరి అల్లుడి కారుకి తగిలింది. సొట్ట ఇప్పటికీ ఉంది, అల్లుడు పెద్దమనసుతో దాని ఊసెత్తడు. తర్వాత కిటుకు తెలిసింది. మరిగే నీళ్లు పోసి కాసేపు నాననివ్వాలి. ఆ తర్వాత మొన పైకి వచ్చేలా నిలబెట్టి పట్టుకుని మొన మీద కొట్టాలి. గాళ్ల వెంబడి చీలుతుంది, పప్పు పెద్ద ముక్కలుగా వస్తుంది. మా స్కూలు గ్రౌండులో నాటుబాదం కాయల్ని రాయి మీద నిలబెట్టి కొట్టేవాళ్లం, పప్పు నలగకుండా వస్తే వాడు మొనగాడు. అరవై ఏళ్ల తర్వాత ఆ విద్య ఒట్టావా గ్యారేజీలో పనికొచ్చింది. మనవరాలు నన్ను మొదటిసారి గౌరవంగా చూసింది.

రుచి ఎలా ఉందంటే, అక్రోటు పప్పుకి పైన పల్చటి పొర ఉంటుంది, అది నాలిక్కి కాస్త వగరు. దీనికి ఆ వగరు లేదు. మెత్తగా, కమ్మగా, పచ్చి కొబ్బరికీ జీడిపప్పుకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. అక్కడి మూలవాసులు కాయల్ని చితక్కొట్టి నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనె తీసుకునేవాళ్లు. మనం కొబ్బరి పాలు కాచి నూనె తీసినట్టే. వంద గ్రాముల పప్పులో యాభై ఏడు గ్రాముల దాకా కొవ్వు, ఇరవై ఐదు గ్రాముల దాకా మాంసకృత్తులు. అక్రోటులో కొవ్వు అరవై ఐదు, మాంసకృత్తులు పదిహేను. అంటే పప్పుకి పప్పు, నూనెకి నూనె.

ఈ నూనె గురించి ఒక ముక్క చెప్పాలి, ఇది మీ ఇంటికి పనికొచ్చేది. అక్రోటు నూనె అవిసె నూనె లాంటిది, గాలి తగిలితే ఆరి గట్టిపడుతుంది. అందుకే యూరప్‌లో పాతకాలం చిత్రకారులు రంగులు కలపడానికి దీన్ని వాడేవాళ్లు. బొమ్మకి మంచిదే, డబ్బాలో పప్పుకి మాత్రం అదే శత్రువు. మన ఎండలకి వంటగది షెల్ఫులో పెడితే కొన్ని వారాలకే కనరు వాసన పట్టేస్తుంది. చాలామంది అక్రోటు చేదు అంటారు, వాళ్లు తిన్నది కనరెక్కిన పప్పు. పెంకుతో ఉన్నవి కొంటే ఎక్కువ కాలం ఉంటాయి. పప్పు కొంటే కొంచెం కొంచెం కొనుక్కుని, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోండి. కశ్మీరులో సెప్టెంబరు, అక్టోబరుల్లో కోస్తారు, కాబట్టి ఇప్పుడు కొంటే కొత్త పంట. ఎండాకాలంలో షాపుల్లో మెరుస్తూ కనపడేవి చాలావరకు చిలీ కాయలు, వాళ్లకి మార్చి, ఏప్రిల్‌లో కోత.

చెట్టు కదలకపోయినా కాయ ఎంత దూరం పోతుందో చెప్తాను, నాకు బాగా నచ్చిన కథ. కెనడా తూర్పు కొసన న్యూఫౌండ్‌లాండ్ అని ఒక ద్వీపం. దాని ఉత్తరపు మొనన లాన్స్ ఓ మెడోస్ అనే పల్లె. 1960లో నార్వే నుంచి హెల్గే ఇంగ్‌స్టాడ్, ఆయన భార్య ఆన్ స్టీన్ వచ్చి అక్కడ గడ్డి కప్పిన దిబ్బలు చూశారు. ఆవిడ పురాతత్వ శాస్త్రవేత్త. తవ్వితే వైకింగుల ఇళ్లు బయటపడ్డాయి, అంటే వెయ్యేళ్ల కిందట ఉత్తర యూరప్ నుంచి పడవల్లో సముద్రాలు దాటి తిరిగినవాళ్లవి. కొలంబస్ 1492లో వచ్చాడని మనం చదువుకున్నాం. వీళ్లు దాదాపు ఐదొందల ఏళ్లు ముందే వచ్చారు. అక్కడ దొరికిన నరికిన చెక్కల్ని పరీక్షించి, ఆ చెట్లు కొట్టింది సరిగ్గా 1021లో అని 2021లో తేల్చారు.

ఆ తవ్వకాల్లో వెన్నకాయలు దొరికాయి. పెద్ద విశేషమేముంది అనిపిస్తుంది. విశేషమే, ఎందుకంటే ఆ ద్వీపంలో ఈ చెట్టు లేదు, అప్పుడూ లేదు. ఎంత చలికి తట్టుకున్నా దానికీ ఒక ఎల్లుంది. దగ్గర్లో పెరిగేది దక్షిణాన న్యూ బ్రన్స్‌విక్ ప్రాంతంలో. మధ్యలో సముద్రం. ఉడత తేలేదు, పక్షి ముక్కున పట్టేది కాదు. అంటే ఆ వైకింగులు ఇంకా కిందికి, వందల కిలోమీటర్లు పడవల్లో పోయి, కాయలు తిని, కొన్ని వెంట తెచ్చుకున్నారు. అడవి ద్రాక్ష పెరిగేది కూడా ఆ ప్రాంతాల్లోనే. వాళ్ల పాత కథల్లో ద్రాక్షల దేశం అని వస్తుంది, ఉత్త కథ అనుకునేవాళ్లు. కాయలు దొరికాక ఆ మాటకి బలం వచ్చింది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో మన నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే కుండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. ఆ నాణేలు మన తీరానికి ఎవరొచ్చారో చెప్పాయి. ఇక్కడ ఆ పని తినగా మిగిలిన కాయలు చేశాయి.

ఇప్పుడు కష్టం సంగతి. అక్టోబరులో ఆకు పల్చబడ్డాక మా అమ్మాయి వాళ్ల చెట్టు మొదలు సరిగ్గా కనపడింది. బెరడు మీద కోలగా లోపలికి దిగిన చారలు, నల్లగా, అంచుల్లో సున్నం రాసినట్టు తెలుపు. గోరుతో బెరడు లేపితే కింద కట్టె నల్లటి సిరా పోసినట్టుంది. నాకు కడుపులో కలుక్కుమంది. ఇది శిలీంద్రం వల్ల వచ్చే తెగులు. 1967లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో మొదట నమోదైంది. వాన చినుకులతో కొమ్మ నుంచి కొమ్మకి దిగుతుంది. ఒక్కో పుండు పెరిగి పక్కదానితో కలిసి, చెట్టు నడుముకి ఒడ్డాణం పెట్టినట్టు చుట్టూ తిరిగొస్తే ఆకులు తయారుచేసిన ఆహారం కిందికి దిగడం ఆగిపోతుంది. చెట్టు చచ్చాక మొదట్లో పిలకలొస్తాయి, వాటినీ వదలదు. ఆ చెట్టున్న ప్రాంతమంతా పాకింది. కెనడా ప్రభుత్వం 2005లో దీన్ని అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. మైనస్ నలభైకి చెక్కుచెదరని చెట్టు, కంటికి కనపడని బూజుకి పడిపోతోంది.

ఆ శిలీంద్రం ఎక్కడిదో గట్టిగా తేలలేదు. ఆసియా నుంచి వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అనుమానం, ఎందుకంటే జపాన్ అక్రోటు, మంచూరియా అక్రోటు దానికి చాలావరకు తట్టుకుంటాయి. పాత పరిచయం ఉన్నవాళ్లు తట్టుకుంటారు, కొత్తవాళ్లు చస్తారు. జపాన్ రకంతో కలిసిన సంకరాలు ఇప్పుడు అక్కడి దొడ్లలో చాలా ఉన్నాయి. తెగులుకి కాస్త నిలుస్తాయి, కాపు కూడా బాగుంటుంది. వాటిని వెన్నకాయ అనాలా వద్దా అని పెద్ద చర్చ. నా మటుకు నాకు ఆ చర్చ తెమిలేలోపు అసలు చెట్టు ఉంటుందా అని భయం.

దీని గింజల్ని ఎండబెట్టి డబ్బాలో ఏళ్ల తరబడి దాచలేం, చచ్చిపోతాయి. అందుకని ఫ్రెడెరిక్టన్‌లో ఉన్న జాతీయ వృక్ష విత్తన కేంద్రంలో గింజలోంచి మొలక భాగాన్ని మాత్రం కోసి తీసి, ద్రవ నైట్రోజన్‌లో, మైనస్ నూట తొంభై ఆరు డిగ్రీల్లో దాస్తున్నారు. చలి అడిగే చెట్టుకి అంతకంటే చలి ఎక్కడా దొరకదు.

కాయలు ఎందుకు తేలేదో చెప్తానన్నాను. సూట్‌కేసులో పది కాయలు పడేసుకోవడం నాకు పెద్ద పని కాదు. కాని ఆ మచ్చలు చూసిన చేతులతో ఆ పని చేయబుద్ధి కాలేదు. విదేశాల నుంచి విత్తనం తేవాలంటే క్వారంటైన్ నిబంధనలున్నాయి, అవి ఊరికే పెట్టలేదు. అందుకే మీకు చూపించడానికి నా దగ్గర ఆ కాయ లేదు, ఫోన్‌లో ఫొటోలే ఉన్నాయి. అయ్యాక వచ్చి చూడండి.

ఏమన్నా అడుగుతారా?

(వెనక వరసలోంచి ఒకరు: మా నిమ్మకి బంక తెగులు వస్తే గీకి బోర్డో పేస్టు పూస్తాం సార్. దానికి పూయలేరా?)

మంచి ప్రశ్న. మీ నిమ్మ చెట్టు ఎంత ఎత్తు? నిలబడితే అందుతుంది. బంక తెగులు ఎక్కువగా మొదట్లో వస్తుంది, చెయ్యి పెట్టి గీకొచ్చు. అది అడవి చెట్టు, అరవై అడుగులు లేస్తుంది. తెగులు పైకొమ్మల్లో మొదలై కిందికి దిగుతుంది. మనం కింద మచ్చ చూసేసరికి పైన పాతిక మచ్చలుంటాయి. ఒక్క చెట్టున్న దొడ్లో కొమ్మలు కోసి కొన్నేళ్లు పొడిగించొచ్చేమో. అడవికి ఎవరు పూస్తారు? అందుకే పక్క చెట్లన్నీ పోయినా ఇంకా బాగున్న చెట్టు ఎక్కడుందో వెతికి, దాని కొమ్మలు తెచ్చి అంట్లు కడుతున్నారు.

(ఒక మహిళ: అక్రోటు నానబెట్టి తినాలంటారు, నిజమేనా సార్? మెదడుకి మంచిదంటారు.)

నానబెడితే పైపొర వగరు తగ్గుతుందమ్మా, అరగడానికి తేలికగా అనిపించొచ్చు. నానబెట్టకపోతే తప్పేమీ లేదు. రోజుకి ఒక గుప్పెడు చాలు, నూనె గింజ కదా, ఎక్కువైతే ఒళ్లొస్తుంది. మెదడు ఆకారంలో ఉంది కాబట్టి మెదడుకి మంచిదనే మాట నేను నమ్మను. ఆ లెక్కన జీడిపప్పు కిడ్నీకి మంచిదనాలి. (నవ్వులు) మంచి కొవ్వు ఉంది, గుండెకి మేలు. అంతవరకు ధైర్యంగా చెప్పొచ్చు.

(ఒక కుర్రాడు: ఉడతలు కాయలు పాతిపెట్టి మర్చిపోతాయా?)

ఏం క్లాసు నువ్వు? ఏడా? చాలావాటిని గుర్తుపెట్టుకుంటాయిరా, వాసన పట్టి కూడా తవ్వుకుంటాయి. ఒక్కోచోట ఒక్కో కాయ పాతుతుంది, దొంగలు ఒకేసారి దోచుకుపోకుండా. కొన్ని మిగిలిపోతాయి. మర్చిపోయో, ఆ ఉడతే చలికి చచ్చిపోయో. మిగిలినవి మంచు కింద తడిలో మూడు నాలుగు నెలలు ఉండి, వసంతంలో మొలుస్తాయి. నేను ఫ్రిజ్‌లో చేసిన పని అది మట్టిలో చేస్తుంది. మీ తాతని అడుగు, తాటి టెంకలు పాతర వేసి కొన్నాళ్లు మర్చిపోతేనే తేగలొస్తాయి. రోజూ తవ్వి చూశావనుకో, నీకు తేగా రాదు, టెంకా మిగలదు.

వాన మొదలైనట్టుంది. ఈ కాయలు తలా రెండు వస్తాయి, తీసుకుని వెళ్లండి. ఇక్కడే పగలగొట్టుకునేవాళ్లకి రాయి ఒక్కటే ఉంది, అటెండర్ టేబుల్ కింద పెట్టాను. పత్రికల గదిలో గచ్చు కొత్తగా వేశారట, అక్కడ మాత్రం కొట్టొద్దు.